అద్దాల అలమరలో ఎర్ర వైర్లు

మా బావను వీధిలో అందరూ ‘ఒరిజినల్’ అంటారు. ఆ పేరు పెట్టింది నేను కాదు. నేనే పెట్టాల్సి వస్తే అంత మర్యాదగా ఉండేది కాదు. పాత వీడియో గేము పెట్టెలు, వాటి రిమోట్లు, క్యాసెట్లు శుభ్రం చేసి బాగుచేయడం ఆయన వృత్తి. పనిలో మొనగాడు, ఆ మాట కాదంటే నా కళ్ళు పోతాయి. ఏళ్ళ తరబడి అటక మీద పడి పసుపెక్కిన ప్లాస్టిక్కును డబ్బాలోంచి ఇప్పుడే తీసినంత తెల్లగా చేసి ఇస్తాడు. “ఫ్యాక్టరీలో ఎలా పుట్టిందో అలాగే ఉండాలి” అన్నది ఆయన వేదం. మధ్యలో దానికి ఏం జరిగినా ఆయన లెక్కలో అది రోగమే. పిల్లలు గోళ్ళతో గీకిన పేర్లు రోగం. అంటించిన బొమ్మలు రోగం. ఒక పెద్దాయన, “ఆ స్టిక్కర్లు మా అమ్మాయి అంటించింది, ఉండనివ్వండి” అని బతిమాలితే, “బాగుచేయించుకోవడానికి వచ్చారా, ఏడవడానికి వచ్చారా?” అని అడిగి, ఆయన ఎదురుగానే ఒక్కోటి గీకి పారేశాడు.

ఇంటి ముందుగదే వర్కుషాపు. కిటికీ కింద బల్ల, దాని మీద రబ్బరు చాప, భూతద్దం బిగించిన దీపం, స్పిరిట్ సీసా, అరిగిపోయిన టూత్‌బ్రష్షులు. బావ చెవి మీద ఎప్పుడూ ఒక దూదిపుల్ల ఉంటుంది. ఆయన చేసేది చివరి పని. అంతకుముందు పనంతా మా అక్కది. మరలు విప్పడం, లోపల వెచ్చగా కాపురం పెట్టిన బొద్దింకలను దులపడం, పై డొప్పలను వంటింటి సింకులో సబ్బునీళ్ళతో తోమడం. ఆ తర్వాత సెలూన్లలో జుట్టుకు రాసే బ్లీచింగు క్రీము పూసి, ప్లాస్టిక్ కాగితం చుట్టి డాబా మీద ఎండబెట్టాలి. ఎండ మారినప్పుడల్లా తిప్పకపోతే ప్లాస్టిక్కు మీద చారలు పడతాయి, అప్పుడు బావ చేత అక్క మాటలు పడాలి. ఆ క్రీముకు అక్క వేళ్ళ కొసలు పాలిపోయి మొద్దుబారాయి. బావ ఒకసారి ఆ వేళ్ళు చూసి, “ఇది మాత్రం ఒరిజినల్ రంగు కాదే” అన్నాడు. ఆయన సరసం అలా ఉంటుంది.

గోడకు ఒక అద్దాల అలమర ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు అందులో ఆయన గొప్ప పనులు ఉంటాయనుకుంటారు. కాదు, ఇతరుల చెత్త పనులుంటాయి. బావ మొదట ఒక సర్వీసు సెంటర్లో పనిచేసేవాడు. అక్కడి ముసలి మెకానిక్కు పెట్టిన టంకాన్ని కస్టమరు ముందే ఎత్తి చూపి నవ్వాడు. మర్నాటినుంచి ఆ ముసలాయన పనికి రాలేదు. ఆ టంకం ఉన్న బోర్డుతోనే అలమర మొదలైంది. తర్వాత ఎవడో ముద్దగా కరిగించిన సాకెట్టు చేరింది, ఎవడో మేకు దిగ్గొట్టి బిగించిన మూత చేరింది. ఒక్కోదాని కింద బావ స్వహస్తాలతో రాసిన చీటీ. ‘కసాయి కొట్టు.’ ‘కళ్ళున్న కబోది.’ ‘శవపంచనామా జరగాలి.’

ఆదివారం పొద్దున పాత గేములు సేకరించే పిచ్చివాళ్ళు పదిమంది దాకా వస్తారు. అక్క టీ ఇస్తుంది. బావ అలమర తెరిచి ఒక్కోటి తీసి కథ చెబుతాడు, వాళ్ళు పడీపడీ నవ్వుతారు. చేసినవాడు చేతకాక చేశాడా, వేరే దిక్కులేక చేశాడా అన్నది ఎవరికీ పట్టదు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఆ గదిలో ఆ ఇద్దరికీ ఎదుట లేనివాడే లోకువ. నాది అదే వీధి చివర సైకిళ్ళ కొట్టు. ఆదివారం నాకు గిరాకీ తక్కువ కనక నేనూ వెళ్ళేవాణ్ణి, టీ కోసం కాదు, అక్క కోసం.

ఒకసారి బావ ఊళ్ళో లేనప్పుడు ప్రెస్సమ్మాయి వచ్చింది. వయసు నలభైకి దగ్గరపడింది గానీ, ప్రింటింగు ప్రెస్సులో చేరిననాటి పిలుపు అలాగే నిలిచిపోయింది. కాగితాలు కోసే మిషను ఆమె కుడిచేతిని మణికట్టు దాకా తీసుకుపోయింది. ఆమె అన్న సిటీ బస్సు డ్రైవరు. చిన్నప్పటినుంచి ఆ ఇద్దరికీ ఒకటే ఆట, పాత పెట్టె మీద కార్ల పందెం. రోడ్డు మీద బస్సు నడిపేది అన్నే అయినా టీవీలో గెలిచేది మాత్రం చెల్లెలే. చెయ్యి పోయాక ఆమె రిమోట్ ముట్టుకోలేదు. ఎడమ బొటనవేలితో కారును పక్కలకు మళ్ళించే స్టిక్కు తిప్పగలదు. కానీ కారు కదలాలన్నా ఆగాలన్నా కుడివైపు బొత్తాలు నొక్కాలి.

“సారు లేరా అక్కా? ఒక్క చేత్తో ఆడేటట్టు ఏమైనా చేసిపెడతారేమోనని వచ్చాను,” అంది.

సారు ఉంటే ఏమనేవాడో అక్కకు తెలుసు. “ఇటివ్వు,” అంది.

అక్క అంతకుముందు ఎన్నడూ టంకం పెట్టలేదు. కానీ ఏళ్ళ తరబడి టీ గ్లాసు పట్టుకుని ఆయన భుజం మీదుగా చూసింది. పాడైపోయిన కంప్యూటర్ మౌసులోంచి రెండు బొత్తాలు పీకింది. నా కొట్టుకొచ్చి సైకిలు లైటుకు వేసే ఎర్ర వైరు మూరెడు పట్టుకెళ్ళింది. మా మేనమామ రేడియోలు బాగుచేసిన కాలంనాటి సన్నటి సోల్డరింగు ఐరన్ ఒకటి ఇంట్లో మూలపడి ఉంది. దాంతో వంటింటి గట్టు మీద కూర్చుని కుడివైపు బొత్తాల దగ్గరినుంచి వైర్లు లాగి, రిమోట్ వెనక ఎడమ వేళ్ళకు అందేచోట ఆ మౌసు బొత్తాలు అతికించింది. చూడ్డానికి దరిద్రంగానే ఉంది. టంకం బొబ్బలు బొబ్బలుగా ఉంది, వైరు దూర్చిన రంధ్రం ఎలక కొరికినట్టుంది. కానీ పనిచేసింది.

ఆ సాయంత్రం బస్సు డ్రైవరు ఓడిపోయి వేసిన కేక నా కొట్టుదాకా వినిపించింది. అక్కకు చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“నిజంగా ఓడిపోయాడా, చెల్లెలు కదాని ఓడాడా?”

“లేదక్కా, బూతులు తిట్టాడు.”

“అయితే నిజమే,” అంది. ఆ తర్వాత చాలా రోజులు అక్క నడకే మారిపోయింది. బావకు చెప్పకూడదని మాత్రం నా చేతా, ప్రెస్సమ్మాయి చేతా ఒట్టు వేయించుకుంది.

ఏడాది తిరిగేసరికి ఆ రిమోట్ స్టిక్కు అరిగి వదులైంది. మా అమ్మ కంటి ఆపరేషనుకు అక్క ఊరెళ్ళిన రోజుల్లోనే ప్రెస్సమ్మాయి దాన్ని తెచ్చింది. కుడిచెయ్యి ఎప్పటిలాగే చున్నీ కింద ఉంది. ఒట్టుకు కట్టుబడి అక్క పేరెత్తలేదు. “స్టిక్కు ఒక్కటే మార్చండి. మిగతాది ముట్టుకోకండి,” అని రెండుసార్లు చెప్పింది. “అలాగే అలాగే, ఆదివారం రా,” అన్నాడు బావ. వెనక అతికించిన బొత్తాలు అప్పటికే ఆయన కంట్లో నలుసులా పడ్డాయి.

విప్పి చూసి, నిధి దొరికినవాడిలా నాకు ఫోను చేశాడు. “ఒరేయ్ బావమరిదీ, పరిగెత్తుకురా! కోతి టంకం పెడితే ఎలా ఉంటుందో చూద్దువుగాని.”

వెళ్ళాను. బల్ల మీద నా ఎర్ర వైరు పేగుల్లా బయటపడి ఉంది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. విడవమంటే పాముకు కోపం, మింగమంటే కప్పకు కోపం అన్నట్టుంది నా బతుకు. “ఎవరికో అవసరమై చేయించుకున్నారేమో, ఉండనీ బావా,” అన్నాను.

“అవసరమైతే మాత్రం ఇలాగా? దీన్ని ఇలాగే పంపిస్తే నా పేరేం కావాలి?”

వైర్లన్నీ కత్తిరించాడు. టంకమంతా కరిగించి పంపుతో పీల్చేశాడు. రంధ్రం పూడ్చి, అరగదీసి, రంగు కలిపి రుద్ది, అక్కడ ఏదో ఉండేదని దేవుడికి కూడా తెలియకుండా చేశాడు. ఎర్ర వైర్లనూ మౌసు బొత్తాలనూ అలమర నడిమి అరలో పెట్టి చీటీ రాశాడు: ‘కోతి చేతి టంకం.’

అక్క ఆదివారం పొద్దునే దిగింది. సంచి పక్కన పడేసి, టీ పెట్టి, ట్రేతో ముందుగదిలోకి వచ్చేసరికి బావ ఆ వైర్లను చిటికెన వేలికి వేలాడేసి చూపిస్తున్నాడు. “వీడికి రెండు చేతులూ ఎడమవే అయ్యుంటాయి!” గది గొల్లుమంది. అక్క గుర్తుపట్టింది. తేలు కుట్టిన దొంగలా గ్లాసులు పంచింది. ఒక గ్లాసు తొణికితే, “చూసుకో, నీకూ కోతి గాలి సోకిందేమో,” అన్నాడు బావ.

రమ్మన్న రోజు కనక ప్రెస్సమ్మాయి వచ్చింది. బావ రిమోట్‌ను మెత్తటి గుడ్డలో పెట్టి అందించాడు. తళతళలాడుతోంది. ఆమె వేళ్ళు వెనక్కి వెళ్ళి తడిమాయి. నున్నగా ఉంది. మళ్ళీ తడిమింది.

“ఇక్కడ రెండు బొత్తాలుండాలండీ.”

“ఆ దరిద్రమా? పీకేశాను. దాని సమాధి అదిగో,” అని అలమర చూపించాడు. “టీవీ పెడతాను, ఆడి చూసుకో. కొత్తది కూడా ఇలా ఉండదు.”

పందెం మొదలైంది. మిగతా కార్లన్నీ వెళ్ళిపోయాయి. ఆమెది గీత దగ్గరే నిలబడింది. స్టిక్కు తిప్పుతుంటే చక్రాలు మాత్రం అటూ ఇటూ కదులుతున్నాయి. “కుడిపక్క నొక్కమ్మా, కుడిపక్క!” అన్నాడొకడు వెనకనుంచి. ఇంకొకడు నవ్వాడు. అప్పుడామె చున్నీ పక్కకు తీసింది.

నవ్వు ఆగింది. అంతే, సిగ్గుతో ఎవరూ చచ్చిపోలేదు.

“అయ్యో,” అన్నాడు బావ. ఆ అయ్యోలో తడి లేదు. “ముందే చెప్పాల్సిందమ్మా. అయినా ఒరిజినల్‌ని చెడగొట్టే పని నేను చెయ్యను. ఇంకెవరినైనా చూసుకో.”

“మీరు చెయ్యక్కర్లేదు. అక్క చేసింది, అక్కే మళ్ళీ చేస్తుంది.” కోపంలో ఒట్టు తీసి గట్టున పెట్టింది.

తలకాయలన్నీ అలమర వైపు తిరిగాయి, ఆ తర్వాత అక్క వైపు. ఒకడికి టీ పొలమారింది. “గురువుగారూ, కోతి ఇంట్లోనే ఉంది!”

బావ ముఖం నల్లబడింది. పరుల తప్పుల మీద బతికే మనిషికి సొంత ఇంట్లోనే ఒకటి దొరికింది. అలాంటప్పుడు మనిషన్నవాడు నవ్వినవాడి నోరు మూయిస్తాడు. మా బావ వాళ్ళతో కలిసి నవ్వాడు.

“ఏమే, నిజమేనా? అయితే అందరి ముందూ చేసి చూపించు. నేనూ నేర్చుకుంటాను.” తన కుర్చీ లాగి వేశాడు. రిమోట్ విప్పి బోర్డును చాప మీద పెట్టాడు. అలమరలోంచి ఎర్ర వైర్లు తెచ్చి పక్కన పడేశాడు. కాసేపు ఐరన్ పెట్టే స్టాండు దగ్గర తచ్చాడి, తన ఐరన్ తీసి అక్క చేతికిచ్చాడు.

“వద్దులే అక్కా,” అన్నాను. అక్క నా వైపు చూడలేదు. ప్రెస్సమ్మాయి ముఖంలోని ఆశ చూసి కూర్చుంది, అది లేకపోతే కూర్చునేదే కాదు. మెడ మీద అంతమంది ఊపిరి తగులుతోంది. అయినా వైరు కొస సరైన చోటే పెట్టింది. ఐరన్ ఆనించింది. చిటికెలో పొగ లేచింది, కాలిన కంపు కొట్టింది. బోర్డు మీద కరెంటు పారే రాగి గీత పొట్టులా లేచి వైరుతోపాటు ఊడివచ్చింది.

“శవపంచనామా!” అని అరిచాడొకడు. చప్పట్లు కూడా కొట్టారు. అక్క తన చేతిలోని ఐరన్‌నే చూస్తూ ఉండిపోయింది.

“లే లే. వంటిల్లు అటు,” అని బావ ఐరన్ లాక్కున్నాడు. కూర్చుని, పని మొదలుపెట్టేముందు స్టాండుకున్న హీటు నాబును బొటనవేలితో వెనక్కి తిప్పాడు. చివరిదాకా తిరిగి ఉన్నదాన్ని సగానికి తెచ్చాడు. అటువైపు చూడనైనా చూడలేదు. అది మందపాటి రేకులు ఊడదీయడానికి పెట్టే వేడి, సన్నటి రాగి గీత మీద పెడితే మాడి మసే. మేనమామ ఐరన్‌కు అసలు నాబే లేదు కనక అక్కకు చూసుకునే అలవాటు లేదు. చూడకుండా తగ్గించినవాడికి అది ఎంతలో ఉందో ముందే తెలుసు. తెలిసే ఇచ్చాడు.

“బావా, ఎంత హీటులో పెట్టి ఇచ్చావు దానికి?” అన్నాను గట్టిగా.

“నువ్వెళ్ళి గాలి కొట్టుకోరా. ఇదేం సైకిలు ట్యూబు కాదు.” మళ్ళీ నవ్వులు. ఆ గదిలో నా మాటకు అంతకన్నా విలువ లేదు.

ఊడిన గీత స్థానంలో వెంట్రుకంత తీగ అతికి, మూత బిగించి, స్పిరిట్‌తో తుడిచి ఆమె ఎడమచేతిలో పెట్టాడు. “మళ్ళీ ఒరిజినల్! డబ్బులేం వద్దు లేమ్మా, మాకూ కాలక్షేపమైంది.” ప్రెస్సమ్మాయి దాన్ని చున్నీ కొసలో చుట్టుకుంది. గడప దగ్గర ఆగి, “నా మూలంగా నవ్వులపాలయ్యావక్కా,” అని వెళ్ళిపోయింది.

అక్క నన్ను వాళ్ళింటికి పంపింది. రిమోట్ ఇస్తే నా కొట్లో కూర్చుని, ఎవరి కంటా పడకుండా, పాత ఐరన్‌తో మళ్ళీ చేస్తానని చెప్పమంది. డ్రైవరు గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

“నేనూ చెప్పి చూశానన్నా. ఇంక దాన్ని ముట్టనంటోంది. ఇప్పుడు నేనొక్కణ్ణే ఆడుతున్నాను, అదీ సౌండు తీసేసి. చప్పుడు వినపడితే గోడవైపు తిరిగి పడుకుంటుంది.”

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ సామెత కట్టినవాడు మా బావ ఇంట్లో ఒక్క ఆదివారమైనా కూర్చుని ఉండడు.

ఎర్ర వైర్లు ఇప్పటికీ నడిమి అరలోనే ఉన్నాయి. కాలిన రాగి గీత ముక్క కూడా వాటి పక్కన చేరింది. చీటీ మీద ఒక ముక్క పెరిగింది: ‘కోతి చేతి టంకం, మా ఇంటి తయారీ.’ ఆదివారాల్లో బావ అన్నింటికన్నా చివర చెప్పేది ఈ కథే, అన్నింటికన్నా ఎక్కువ నవ్వించేదీ ఇదే. కథ అయ్యేదాకా అక్క ట్రే పట్టుకుని అక్కడే నిలబడాలి. చివర్లో చేత్తో చూపించడానికి మనిషి ఉండాలి కదా.

మొన్న నేను వెళ్ళేసరికి బావ లేడు. అక్క అలమర అద్దం తుడుస్తోంది. ఇల్లంతా తుడిచేది అక్కే కనక అదీ అక్కే తుడవాలి.

“ఆ నాబు ఆయనే పెంచి ఇచ్చాడక్కా. తగ్గిస్తుంటే నేను చూశాను.”

“నేనూ చూశాను,” అంది.

“చూసి ఊరుకున్నావా? వచ్చే ఆదివారం వాళ్ళందరి ముందూ చెప్పు. నేను పక్కనే ఉంటాను.”

అక్క అద్దం మీద నోటి ఆవిరి ఊదింది. పాలిపోయిన వేలికి గుడ్డ చుట్టుకుని చీటీకి ఎదురుగా ఉన్న మరకను రుద్దింది.

“చెబితే, దానికీ ఒక చీటీ రాసి ఇందులోనే పెడతాడురా,” అంది. “కింది అరలో చోటు కూడా ఉంది.”