కుశలమడిగే మోటారు పెట్టె

గార్లదిన్నె పక్క పల్లెలో ఎండ ఎంత గట్టిదంటే, మధ్యాహ్నానికి నీడలు కూడా అలిసిపోయి చెట్ల మొదళ్లలో ముడుచుకుని పడుకుంటాయి. రైతు సోమప్పకు అక్కడ చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. అతని బోరు ఎంత లోతంటే, పొద్దున గులకరాయి వేస్తే సంగటి తిని చేయి కడుక్కున్నాక గానీ చప్పుడు వినిపించదు. ఆ బోరుకు మాటలు నేర్పింది నాగజ్యోతి.

అదే ఊరి లక్ష్మీదేవి కూతురామె. అనంతపురంలో కంప్యూటరు చదువు చదివి, ఊళ్లోనే ఉండి మోటార్లకు పెట్టెలు కట్టేది. పెట్టెలో సి అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాం ఉంటుంది. బోరులోకి దించిన తీగ నీళ్లున్నాయని చెబితేనే అది మోటారును తిప్పుతుంది. ఎండిన బోరులో తిరిగి సోమప్ప మోటార్లు అప్పటికే రెండు కాలిపోయాయి. ఏ పని చెడినా యంత్రం ఆ తప్పుకు గుర్తుగా ఒక సంఖ్య రాసుకుంటుంది. ఆ సంఖ్యలన్నిటికీ నాగజ్యోతి తెలుగు మాటలు కట్టింది. పెట్టె ఆ మాటను సోమప్ప ఫోనుకు పంపుతుంది.

అయితే నాగజ్యోతి వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎంత తొందర కబురు తెచ్చినా ముందు కుశలం, తర్వాతే కబురు. అందుకని పెట్టె కూడా ముందు "బాగుండావా మామా, బువ్వ తిన్యావా" అని పంపి, ఆ తర్వాతే ఏం తప్పు జరిగిందో చెప్పేది.

ఆ వేసవిలో మోటారు ఆగిపోయింది. ఫోనులో కుశలం వచ్చింది, వెనకే "ఈ పరికరానికి తగని పని అడిగినారు" అని వచ్చింది. నాగజ్యోతి స్టార్టరు మార్చింది, ఫ్యూజులు మార్చింది. అదే మాట. నాలుగో రోజుకు చీనీ చెట్లు పిందెలు రాల్చసాగాయి.

సోమప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. లక్ష్మీదేవి ఇచ్చిన మజ్జిగ తాగి, ఇంటిల్లిపాది కుశలం అడిగి, అప్పుడు అన్నాడు.

"నీ పెట్టె మర్యాద బాగుండాది పాపా. చెట్లకు మర్యాద చాలదు గదా. రేపు సాయంత్రం దాకా సూస్తా. ఆ పైన దాన్ని పీకేసి, కాలితే కాలనీ అని మోటారు చేత్తోనే ఏస్తా."

"ఏమైందో దానికి తెలుసు మామా. నాకే చెప్పకుండా ఉండాది."

మరునాడు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చీనీ చెట్టు కింద కూర్చున్న నాగజ్యోతికి కునుకు పట్టింది. కలలో పెట్టె లోపల ఒక ముసలి గుమాస్తా, చేతిలో ఒకే ఒక్క పలక. తప్పు జరగగానే దాని సంఖ్య రాసుకున్నాడు. కుశలం అడగడానికి లేచి ఒక తలుపు తట్టి, నువ్వు మాటలు చూపించే కంప్యూటరు తెరవా అని అడిగాడు. కాదు, ఉత్త ఫైలునని జవాబొచ్చింది. అడగరానిది అడిగానే అని నొచ్చుకుని, పలక మీది పాత సంఖ్య తుడిచి, తగని పని అడిగినందుకు వేసే సంఖ్య రాసుకున్నాడు.

నాగజ్యోతికి మెలకువ వచ్చింది. పలకరింపుకు ముందే మొదటి సంఖ్యను వేరే చోట దాచిపెట్టే వరుస ఒకటి ప్రోగ్రాంలో రాసి మళ్లీ నడిపింది. పక్క సాలులో ఉన్న సోమప్ప ఫోను మోగింది. బువ్వ తిన్యావా అని అడిగి, "అట్లాంటి పరికరం లేదు" అంది.

అంటే బోరులోకి దించిన తీగ పెట్టెకు అందడం లేదు. ఇద్దరూ పెట్టె దగ్గర నుంచి ఆ తీగ వెంట నడిచారు. బోరు మూతి దగ్గర, రాళ్ల కింద, ఉడుత కొరికిన చోట రెండు రాగి కొసలు మెరుస్తున్నాయి. ఆమె వాటిని కలిపి టేపు చుట్టింది. మోటారు గొణిగింది. సోమప్ప చివరి సాలు దాకా నడిచి, పైపు కొస కింద అరచెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు.

"వచ్చినాయి," అన్నాడు, చెట్టుకు మాత్రమే వినిపించేలా.

అరచేతిలోని నీళ్లు ఒలకకుండా చెట్టు మొదట్లో పోశాడు.