రాహేలమ్మ పొద్దుటి పాలు

కరోనా తగ్గి బడులు మళ్లీ మామూలుగా నడుస్తున్న ఏడాది, జూన్ నెలలో, నన్ను గిద్దలూరు పాల శీతలీకరణ కేంద్రం నుంచి రాచర్ల రూటుకు సేకరణ సూపర్‌వైజరుగా వేశారు. మాది ఒక ప్రైవేటు డెయిరీ. రూటు అంటే పాల వ్యాను ఉదయం, సాయంత్రం తిరిగే ఊళ్ల వరస. ప్రతి ఊళ్లో ఒక సేకరణ కేంద్రం, దానికొక ఏజెంటు ఉంటారు. ఏజెంటుకు లీటరు మీద కమీషన్. సూపర్‌వైజరు ఏజెంట్లకు పైన, మేనేజరుకు కింద. పాలలో తేడా వస్తే కారణం తేల్చి కాగితం మీద పెట్టడం అతని పని.

నేను డిగ్రీ చదవలేదు. ఇంటర్ తర్వాత ల్యాబులో సీసాలు కడిగే పనిలో చేరాను. పాల గురించి నాకు తెలిసిందంతా సగం ఆ ల్యాబులో, సగం గిద్దలూరు శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. అక్కడ పాడి మీద ఉన్న నాలుగు పుస్తకాలూ రెండేసి సార్లు చదివాను. అర్థశాస్త్రం బీరువా కూడా చాలావరకు పూర్తి చేశాను. మా డెయిరీలో ఆ మాట చెప్పగలిగిన వాణ్ని నేనొక్కణ్నే కాబట్టి కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ నెలలోనే మార్కాపురం, గిద్దలూరుల్లో కొత్తగా దుకాణాలు తెరిచిన ఒక సూపర్‌మార్కెట్ సంస్థ మాతో ఒప్పందం చేసుకుంది. తమ పేరు మీద అమ్ముకునే ప్యాకెట్ల కోసం చిక్కటి గేదె పాలు కావాలన్నారు. రైతుకు లీటరుకు మా మామూలు ధర కన్నా ఎక్కువ ఇస్తామన్నారు. షరతు ఒకటే. పాలలో వెన్న అయిదున్నర శాతానికి తగ్గకూడదు. పది రోజుల్లో మూడుసార్లు తగ్గితే ఆ రైతు పాలు పోసే కార్డు ఆగిపోతుంది, ఆ కేంద్రంలో మామూలు ధరకు కూడా తీసుకోరు. కేంద్రాల్లోని పరీక్ష మిషన్లను వాళ్ల కంప్యూటరుకు కూడా కలిపారు. మిషను చూపిన అంకె మా దగ్గరికీ, వాళ్ల దగ్గరికీ ఒకేసారి పోతుంది.

రాచర్లకు ఆవల ఉన్న ఒక చిన్న ఊళ్లో కాశయ్య అనే ఏజెంటు తన ఇంటి అరుగు మీద కేంద్రం నడిపేవాడు. అక్కడ పాలు పోసేవాళ్లలో రాహేలమ్మ ఒకరు. భార్యాభర్తలిద్దరూ కూలికి పోతారు. ఒక్కటే గేదె. ఆ ఊళ్లో పాలు కొనేది మేము తప్ప ఇంకెవరూ లేరు. కార్డు ఆగితే పూటకు రెండు లీటర్ల పాలు ఆమె చేతుల్లోనే మిగిలిపోతాయి.

ఒప్పందం మొదలై వారం దాటగానే, వరసగా రెండు రోజులు ఆమె ఉదయం పాలు తప్పాయి. వెన్న నాలుగున్నర, నాలుగూ డెబ్బై. విచిత్రమేమిటంటే ఆమె సాయంత్రం పాలు ఏడు దగ్గర నిలిచాయి. అంతకు ముందు ఏ పూటా ఆమె పాలు ఆరుకు తగ్గినట్టు పాత చీటీల్లో లేదు.

నీళ్లు కలిపిందని మొదట అందరూ అనుకున్నారు. నేను అనుకోలేదు. పాలలో వెన్న కాక గట్టి పదార్థం అని ఇంకోటి ఉంటుంది, మిషను దాన్నీ చూపుతుంది. నీళ్లు పడితే రెండూ తగ్గుతాయి. ఆమె పాలలో వెన్న ఒక్కటే తగ్గింది, రెండోది నిండుగా ఉంది. మీగడ తీసిందా అంటే, అప్పుడే పిండిన వెచ్చటి పాల మీద మీగడ కట్టదు. మిషను మీద అనుమానం వచ్చి ఒక సీసా గిద్దలూరు తీసుకెళ్లి పాత పద్ధతిలో, గంధకామ్లం పోసి, గొట్టాలను గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి చూశాను. అదే అంకె వచ్చింది. మేత అడిగాను. రెండు పూటలా జొన్నచొప్ప, గుప్పెడు తవుడు. నాలుగు పుస్తకాలూ మనసులో తిరగేశాను. ఏదీ అతకలేదు.

“నీళ్లు కలిపే మనిషైతే రెండు పూటలా కలుపుతాది గదా సార్,” అన్నాడు కాశయ్య. “పొద్దున దొంగతనం చేసి సాయంత్రానికి మారుమనసు పొందుతాదా ఏంది?”

క్యాను పట్టుకుని నిలబడ్డ రాహేలమ్మ ఊరుకోలేదు. “నీ ఎగతాళి నీ దగ్గరే పెట్టుకో కాశన్నా. మా ఇంట్లో పొద్దునకో బర్రె, సాయంత్రానికో బర్రె లేవు. ఉన్నది ఒకటే. అన్నా,” అని నా వైపు తిరిగింది, “నువ్వే వచ్చి చూడు. రేపు నీ ఎదురుగానే పిండుతా.”

మర్నాడు తెల్లవారేసరికి వాళ్ల కొట్టం దగ్గర ఉన్నాను. దూడను విడిచింది. గేదె చేపుకు వచ్చి పొదుగులోకి పాలు దిగగానే దూడను పక్కకు లాగి కట్టేసింది. కేంద్రం క్యానులోకే నేరుగా పిండింది. రెండు లీటర్లు కాగానే క్యాను మూత పెట్టి దూరంగా ఉంచింది. మిగిలిన పాలను ఇంటి చెంబులోకి పిండుకుంది. అదో లీటరు ఉంటుంది.

“ఇంతకు ముందు కూడా ఇట్లనే పిండేదానివా?” అని అడిగాను.

“ఇంతకు ముందు అంతా ఒకే బకెట్లో పిండి, ఇంటికి లీటరు తీసుకోని తక్కింది పోసేదాన్ని. ఇప్పుడు వాళ్లు ధర పెంచి, మొన్ననే మొదటి వారం దుడ్లు ఇచ్చినారు గదన్నా. మేము పంట వచ్చినా, కోడి గుడ్డు పెట్టినా మొదటిది ప్రభువు గుడికి ఇస్తాం. మంచిగా చూసినోళ్లకు మొదటివి పొయ్యాల, మిగులు మనం తాగాల. అందుకే మొదటి పాలు వాళ్లకు పెట్టినా. సాయంత్రం ఇంటికేమీ ఉంచుకోను, అన్నీ పోస్తా.”

పుస్తకంలో ఎప్పుడో చదివిన వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. పొదుగులో మొదట దిగే పాలు పలచన, చివర దిగేవి చిక్కన. రెండుసార్లు చదివిన విషయమే. ఆమె క్యాను మీద మూత పెట్టేదాకా నాకు తట్టలేదు.

అక్కడితో ఆగి, రెండూ కలిపి పొయ్యమని చెబితే సరిపోయేది. కానీ ఈ సంగతి ఊరందరికీ చూపించాలని నాకు ఉత్సాహం వచ్చింది. క్యానునూ చెంబునూ కాశయ్య అరుగు మీదికి తెప్పించాను. మిషను కార్డు నంబరు నొక్కనిదే పని చెయ్యదు. నేనే రాహేలమ్మ నంబరు నొక్కి క్యానులోని పాలు పెట్టాను. నాలుగూ అరవై. మళ్లీ అదే నంబరు నొక్కి చెంబులోవి పెట్టాను. తొమ్మిదీ ఎనభై.

అరుగు కింద పాలు పోయడానికి నిలబడ్డవాళ్లంతా దగ్గరికొచ్చి చూశారు.

“అంటే మంచియన్నీ నువ్వే తాగుతున్నావు గదక్కా!” అన్నాడు కాశయ్య.

రాహేలమ్మ మొహం వాడిపోయింది. “నాకేం తెలుసు నాయనా? ముందొచ్చేటివే మంచియ్యనుకుంటి.”

రెండూ కలిపి పొయ్యమన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికని విడిగా పిండుకున్నదాన్ని తిరిగి ఇచ్చేదాంట్లో పోస్తే మిగులు అంటగట్టినట్టు ఉంటుందని ఆమె బాధ. చివరికి కలిపింది. మూడోసారి నంబరు నొక్కాను. మిషను ఒప్పుకోలేదు. ఒక పూటకు ఒక నంబరు మీద రెండుసార్లే చూపుతుందని, అందులోనూ మొదటి అంకె ఒక్కటే లెక్క అని అప్పుడు కాశయ్య చెప్పాడు. ఆ మొదటి అంకె నాలుగూ అరవై. అప్పటికే అది గిద్దలూరుకూ, సూపర్‌మార్కెట్ వాళ్లకూ చేరిపోయింది. మూడో తప్పు నేనే నమోదు చేశాను.

సాయంత్రానికి ఆమె కార్డు ఆగింది.

మేనేజరుకు జరిగిందంతా రాసి ఇచ్చాను. ఆయన చదివి, కారణం రాయడానికి వాళ్ల కంప్యూటర్లో గడి లేదన్నారు. ఆపింది వాళ్లు కాబట్టి తియ్యాల్సింది కూడా వాళ్లేనన్నారు. మర్నాడు గిద్దలూరులో ఆ సంస్థ దుకాణానికి వాళ్ల క్వాలిటీ ఆఫీసరు వస్తారని తెలిసి బయలుదేరాను. రాహేలమ్మ కూలి మానుకుని నాతో ఆటో ఎక్కింది.

ఆఫీసరు ఒక మర్యాదస్తురాలు. మమ్మల్ని కూర్చోబెట్టి అంతా విన్నారు. రాహేలమ్మ తప్పు లేదని ఒప్పుకున్నారు. అయినా పదిహేను రోజుల తర్వాత కొత్త పరీక్షలో నిలిస్తేనే కార్డు తెరుచుకుంటుందని, ముందు తెరిచే అధికారం తనకు లేదని చెప్పారు. తప్పు లేదని ఒప్పుకున్నాక శిక్ష ఎందుకని అడిగాను. ఇది శిక్ష కాదు, పద్ధతి అన్నారు. ఆ రెంటికీ తేడా ఏమిటో నేను ఆటోలోనూ ఆలోచించాను, తర్వాత కూడా ఆలోచించాను.

బయటికి వస్తూ పాల అర దగ్గర రాహేలమ్మ ఆగింది. తన పాలు ఏవో చూపించమంది. చిక్కటి పాల ప్యాకెట్ చూపించాను. దాని పక్కన ఒక అట్టడబ్బా ఉంది, అదేమిటని అడిగింది. వెన్న పూర్తిగా తీసేసిన పాలు అన్నాను. ధర అడిగింది. చదివి చెప్పాను. చిక్కటి పాల కన్నా ఎక్కువ.

ఆమె నా మొహంలోకి చూసింది. “వెన్న లేదంటివే?”

“లేదమ్మా.”

“లేకుంటే ఎక్కువా?”

వెనక వచ్చిన ఆఫీసరు వివరించారు. డాక్టర్లు వెన్న వద్దన్నవాళ్లు కొంటారు, డబ్బా ఖర్చు ఎక్కువ, చాలా రోజులు నిల్వ ఉంటుంది. తీసిన వెన్న నెయ్యిగా వేరే అరలో ఉంటుంది.

“తీసిందానికీ దుడ్లే, తీసేసినందుకూ దుడ్లేనా అమ్మా?” అంది రాహేలమ్మ. “నేను వెన్న తక్కువున్నయ్యే పోసినా గదా. నా కార్డు ఆపి, అదే మాదిరి పాలు ఇంత ధరకు అమ్ముతా ఉండారు. ఏందన్నా ఇది? నువ్వు చదువుకున్నోడివి, చెప్పు.”

ఆఫీసరు నవ్వి లోపలికి వెళ్లారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ధర సరుకును బట్టి కాదు, కొనేవాడి అవసరాన్ని బట్టి ఉంటుందన్నాను. అట్లయితే అమ్మే అవసరం ఉన్న తనకు ధర ఎందుకు లేదని అడిగింది. కర్మాగారం ఖర్చు చెప్పాను. బర్రెకు ఖర్చు లేదా అంది. ఆటో రాచర్ల చేరేలోపు నాకు తెలిసిన సిద్ధాంతాలన్నీ చెప్పాను. ఒక్కొక్కటి చెబుతున్నప్పుడు సరిగ్గానే ఉంది. అన్నీ కలిపి చూస్తే ఆమె అడిగిన దానికి జవాబు లేదు.

ఆ పదిహేను రోజులు కాశయ్య తన కార్డు మీద పొయ్యమన్నాడట. అది నిబంధనలకు విరుద్ధం. నాకు తెలిస్తే నేను ఆపాల్సి వచ్చేది. ఆమే వద్దన్నది. పాలు తోడుపెట్టి, పెరుగు కుండను ఆటోలో రాచర్ల తీసుకెళ్లి ఒక హోటల్లో పోసింది. ఆ హోటలాయన మిషను పెట్టలేదు. గరిటె ముంచి ఎత్తి, జారడం చూసి ధర చెప్పాడు. మా ధర కన్నా అది తక్కువే. ఆటో ఖర్చు పోతే ఇంకా తక్కువ.

పదహారో రోజు ఉదయం నేను కాశయ్య అరుగు మీద ఉన్నాను. ఈసారి మిషను జోలికి పోలేదు. రాహేలమ్మ అంతా ఒకే బకెట్లో పిండి, కలిపి, అందులోంచి రెండు లీటర్లు తెచ్చింది. కాశయ్య నంబరు నొక్కాడు. ఆరూ ముప్పై. కార్డు తెరుచుకుంది. సాయంత్రం పాలు కూడా ఇవాళ్టి నుంచి పోస్తావు కదా అని అడిగాను.

“సాయంత్రంవి హోటలుకేనన్నా,” అంది. “రూపాయి తక్కువైనా కార్డు లేనినాడు తీసుకున్నోడు ఆయప్ప. మీయి మీకు పొద్దున పోస్తా. మొదటియి కాదులే, అన్నీ కలిపే పోస్తా.”

సాయంత్రం పాలు తగ్గినందుకు మేనేజరు నన్ను సంజాయిషీ అడిగారు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

ఆ తర్వాత నేను మరో మూడేళ్లు ఉద్యోగం చేశాను. పాలలో తేడా వచ్చిన ఏ ఇంటికి వెళ్లినా పిండడం మొదటి నుంచి చివరిదాకా చూశాకే కాగితం తీశాను. నాకు చూడాలనిపించిన పరీక్ష ఏదైనా గిద్దలూరు ల్యాబులో, ఎవరి నంబరూ లేకుండా చేశాను. మిషను చూపేది గిన్నెలో ఉన్న పాల సంగతి మాత్రమే. అవి గిన్నెలోకి ఎట్లా వచ్చాయో అది చెప్పదు, ఆ సంగతి సూపర్‌వైజరు తెలుసుకోవాలి. ఇక వెన్న తీసిన పాలకు ఎక్కువ ధర ఎందుకో గ్రంథాలయంలో ఇంకా చదువుతూనే ఉన్నాను. రాహేలమ్మకు చెప్పగలిగిన జవాబు ఇంతవరకు దొరకలేదు.