మైలుతుత్తంలో ముంచిన కత్తి

కంపెనీవాళ్ళు ఊరూరా ఆయుధాలు లాక్కుంటున్న రోజుల్లో, మా పూర్వీకుడొకాయన తన కత్తిని జొన్నల పాతరలో దాచి కాపాడాడట. దొరల పటాలానికే దొరకని ఆ కత్తిని ఒక ప్లాస్టిక్ బక్కెట్టుతో ఓడించిన ఘనత నాది. నవ్వుకోండి, పరవాలేదు.

ఆ కత్తి అన్నూరు దగ్గర మా అవ్వ ఇంట్లో ఉంటుంది. ఏటా ఒకరోజు బయటికి తీసి, చింతపండుతో తోమి, చుట్టాలందరి ముందూ పూజ చేస్తారు. ఆ ఏడు తిరుమంగళం నుంచి తాత తమ్ముడు, మా చిన్నతాత, తగువుకి సిద్ధపడే బస్సు దిగాడు.

"వదినా, నీకు వయసాయె. కత్తికేమన్నా అయితే ఎవురు బదులు చెప్పేది? ఇంగ మా ఇంట్లో ఉండనీ."

"ఒక్క మచ్చ చూపించు, తీసుకోని పో," అంది అవ్వ.

నేను వసారాలో కూర్చుని ఫోన్లో కెమిస్ట్రీ రికార్డు రాసుకుంటున్నాను. నెట్ అయానిక్ సమీకరణం. చర్యలో మారకుండా ఉండిపోయే అయాన్లను రెండు వైపులా కొట్టేసి, నిజంగా మారినవాటినే మిగల్చాలి. చిన్నతాత తొంగి చూశాడు.

"ఏమి పాపా, రాసి రాసి కొట్టేస్తా ఉండావు?"

"అది సల్ఫేట్, చిన్నతాతా. సుమ్మా ఊరికే నిలబడి వేడుక చూస్తుంది. మన చుట్టాల మాదిరి."

"మిగిలిందేమి?"

"ఇనుము నీళ్ళలోకి పోతుంది, నీళ్ళలో ఉండే రాగి బయటికి వస్తుంది."

"ఫోన్లో ఏమైనా వస్తుంది, కన్నూ. కంటికి చూపించు."

నా కోపం కుక్కరు మాదిరి మూడు విజిళ్ళ దాకా ఆగే రకం కాదు. తోటకు కొట్టే మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కొట్టంలో ఉంది. బక్కెట్టు నీళ్ళలో కలిపాను. నెమలి మెడ రంగు వచ్చింది. ఇక ఇనుము. మేకులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. ఇంటి మొత్తానికి తళతళలాడుతున్న ఇనుము ఒక్కటే, పొద్దున పూజకని చింతపండుతో తోమింది.

ముంచాను.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో ఫోను చేతిలో ఉండి కూడా వీడియో తీయాలని తోచలేదు. మెరిసే ఇనుము మీద ఎవరో లోపలి నుంచి దీపం పెట్టినట్టు ఎరుపు పాకింది. పరీక్షకు బట్టీ పట్టిన ఒక్క ముక్క, Fe + Cu²⁺ → Fe²⁺ + Cu, నా కళ్ళముందు తనంతట తాను జరిగిపోతోంది. నోరు తెరుచుకుని అట్లాగే నిలబడ్డాను.

కత్తి పైకి తీశాక గుర్తొచ్చింది, అది ఎవరి కత్తో. సగం ఇనుప మెరుపు, సగం రాగి ఎరుపు.

"వదినా," చిన్నతాత గొంతు హాయిగా పలికింది, "మచ్చ అడిగితివే. సగం కత్తే మచ్చ. నా సంచి ఎక్కడ?"

అవ్వ మొహం వాడిపోయింది. ఆమె తరఫున వాదించబోయాను. అదే నా అసలు పొరపాటు.

"మచ్చ కాదు చిన్నతాతా, రాగి. ఇనుము యాడికీ పోలేదు. ఈ నీళ్ళలోనే ఉండాది."

అవ్వ బక్కెట్టులోకి వంగి చూసింది.

"అంటే, మన పెద్దాయన పట్టుకున్న ఇనుము ఇందులో ఉండాదా?"

"ఆమా అవ్వా. కొంచెం."

చిన్నతాత భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టి, బక్కెట్టుకు చేతులు జోడించాడు. "అప్పుడు కత్తిని పాతరలో దాచినాయన. ఇప్పుడు తానే నీళ్ళలో దాగినాడు."

అవ్వ కత్తిని కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నీకు కావాల్సింది ఆయనే కదయ్యా. తీసుకోని పో. కత్తి ఇక్కడుంటుంది."

ఆ సాయంత్రం మధురై బస్సులో చిన్నతాత ఒళ్ళో పసుపు రాసి, మూత బిగించిన బక్కెట్టు కూర్చుంది. "తీర్థమని ఎవురూ తాగొద్దు, విషం" అని కిటికీ పట్టుకుని బతిమాలాను. "కోపగొండి సామి పాపా ఆయన," అని ఆయన భక్తిగా తలూపాడు. దానికి కూడా టికెట్టు తీసుకున్నాడట.

అందుకే ఈ ప్రతిజ్ఞ: ఇకమీద ఎవరడిగినా సమీకరణం రాసి చూపిస్తాను. కరిగిన ఇనుము ఎక్కడికి పోయిందని అడిగితే మాత్రం, పరీక్ష పోయినా సరే, నోరు విప్పను.