మామగారి ఇంజనుకు నేను చేసిన మరమ్మతు

పెళ్ళయిన నాటినుంచీ అత్తవారింట్లో కూడబెట్టుకున్న పరువును గంట తిరక్కుండా ఎలా తగలబెట్టుకోవచ్చో మీకు చెబుతాను. అగ్గిపెట్టె అక్కర్లేదు. ఉల్లిపాయల బస్తాల మీద గుర్తులు రాసే నల్ల మార్కర్ పెన్ను ఒకటి చాలు. కడుపులో ముందే కాస్త మంట ఉంటే పని ఇంకా తొందరగా అవుతుంది. నాకు ఉంది.

నాది ఏలూరు. లెక్కల మాస్టారికీ నాకూ పొసగక, తొమ్మిదో తరగతిలోనే బడిని ఆయనకు వదిలేసి వచ్చేశాను. ఇప్పుడు ఏలూరు నుంచే రోజూ రైల్లో వెళ్ళొస్తూ, తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కొట్లో గుమాస్తాను. మామగారిల్లూ గూడెంలోనే. ఆయన రైలింజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆఫీసువాళ్ళూ, కాలేజీ పిల్లలూ, కూరగాయల గంపలూ రోజూ ఎక్కే పాసింజరు బండిని చాలాకాలం నడిపిన మనిషి.

ఆదివారం చర్చి అయ్యాక ఆ ఇంట్లో చేపల పులుసు. చేప నేనే తీసుకెళ్తాను. కైకలూరు చెరువుల్లో పెరిగిన బొచ్చె, దాని తలకాయే పళ్ళెమంత ఉంటుంది. ఆ తలకాయ పెద్దల్లుడి పళ్ళెంలోనే పడాలన్నది ఆ ఇంట్లో పదకొండో ఆజ్ఞ. పెద్దల్లుణ్ణి నేను. ఆ తలకాయ నాకు కూర కాదండీ, కిరీటం.

ఇక మా తోడల్లుడు సుధాకర్. మా మరదలి భర్త. పెదవేగి వైపు పామాయిల్ మిల్లులో ఇంజనీరు. మంచివాడు. వాడితో నాకున్న ఇబ్బందే అది. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి.

ఆ మంచివాడు మామగారి పుట్టినరోజుకు ఆన్‌లైన్లో ఒక బొమ్మ తెప్పించాడు. మామగారు నడిపిన రకం ఇంజనే, జానెడు పొడుగున, తయారుగా పెట్టెలో వచ్చింది. పార్సిల్ నేరుగా ఆయనింటికే చేరింది. ఆయనే విప్పి, హాల్లో అద్దాల బీరువాలో, గోడకు ఆనించినట్టుగా పట్టాల ముక్క మీద నిలబెట్టుకున్నారు. ఎవరూ ముట్టకూడదు.

ఆ ఆదివారం నేను చేప సంచితో గుమ్మంలో నిలబడితే పలకరించే దిక్కు లేదు. అందరూ బీరువా ముందే ఉన్నారు. వైపర్లు చీమ మీసాల్లా ఉన్నాయి. తలుపుల పక్క పట్టుకునే కడ్డీలు కూడా విడివిడిగా అతికించారు. పైన కరెంటు తీగను అందుకునే చట్రం లేస్తుంది, దిగుతుంది. హారన్లు రెండూ ఒక పొడుగు కావని మామగారు అద్దం మీద వేలుపెట్టి చూపిస్తున్నారు, పుట్టిన మనవడి వేళ్ళు లెక్కపెట్టినట్టు.

“ఒక్క బోల్టు కూడా తేడా ఉండదండీ మామగారూ. అసలింజను కొలతలు తీసి చేశారటండీ” అన్నాడు సుధాకర్.

భోజనాల దగ్గర అత్తగారు గరిటెలో తలకాయ పెట్టుకుని అలవాటుగా నా వైపు వచ్చారు. మామగారు బీరువా మీంచి చూపు తిప్పకుండానే, “ఇవాళ చిన్నల్లుడుగారికి వెయ్యి” అన్నారు.

నా చేప. నా సంచి. వాడి పళ్ళెం. నాకు తోక వచ్చింది. పులుసులోంచి ఆ తలకాయ నన్నే చూస్తోంది, ఇందుకేనా నన్ను కైకలూరు నుంచి మోసుకొచ్చావు అన్నట్టు.

ఏలూరు తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా ఆవిడ ఓదార్చింది. “తలకాయలో ఏముందండీ, అన్నీ ఎముకలే కదా.” ఎముకలు కావు, మర్యాద అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

ఒక్క బోల్టు కూడా తేడా ఉండదన్నాడు కదా, ఆ బోల్టేదో నేను పట్టుకోవాలి. ఆ వారమంతా ఏలూరు స్టేషన్లో ఇంజన్ల ముందు కాపలా కాశాను. చివరికి అదే రకం ఇంజను ఒకటి పాసింజరుకు తగిలించుకుని వచ్చి ప్లాట్‌ఫారం పక్కన నిలబడింది. పెళ్ళిచూపుల్లో మా ఆవిణ్ణి కూడా అంత పరీక్షగా చూడలేదు. ఈ కొసనుంచి ఆ కొసదాకా ఫొటోలు తీశాను. మామగారు రోజూ ఫ్యామిలీ గ్రూపులో పెట్టే బొమ్మ ఫొటో పక్కన పెట్టి చూసుకున్నాను.

దొరికింది. అసలింజను ఒంటినిండా గాలి పీల్చే జల్లెడలు, బారుగా. బొమ్మకు ఆ చోట్లో అద్దాల కిటికీలు. ఆనందం పట్టలేక ప్లాట్‌ఫారం మీదే ఈల వేశాను. పక్కనున్న పెద్దాయన బండి కదిలిందనుకుని పరుగందుకున్నాడు.

మళ్ళీ ఆదివారం. చర్చిలో ఏదో మీటింగుందని మామగారు ఆగిపోయారు. అత్తగారూ, అక్కాచెల్లెళ్ళూ వంటింట్లో ఉన్నారు. హాల్లో నేనూ సుధాకరూ మిగిలాం. ఫోను తీశాను.

“సుధాకర్, ఒక్క బోల్టు కూడా తేడా లేదన్నావు కదా?”

“లేదండీ అన్నయ్యగారూ.”

“మరి ఈ జల్లెడలేవి నాయనా? కిటికీలెక్కడివి?”

వాడు ఫోను చూశాడు. బీరువా చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. ఐసులో వేసిన రొయ్యలా తెల్లబోయాడు. “నిజమేనండీ. ఇప్పుడెలాగండీ? మామగారికి తెలిస్తే చాలా బాధపడతారండీ.”

అక్కడితో ఆగి ఉంటే నేను గెలిచినవాణ్ణే. కానీ అసూయ ఉందే, అది ఒక ముద్దతో విస్తరి ముందునుంచి లేవదు. తప్పు పట్టినవాడికి తలకాయలో సగమే వస్తుంది, దిద్దినవాడికి మొత్తం వస్తుందనిపించింది. జేబులో కొట్టు మార్కర్ ఉంది. పిచ్చోడి చేతిలో రాయి అంటారు గానీ, కుళ్ళుబోతు చేతిలో మార్కర్ ముందు రాయెంత?

నేనేం చేయబోతున్నానో మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి కనిపెట్టింది. “ఏవండీ, నాన్నగారు వచ్చేదాకా ఆగండి.” ఆగితే ఆశ్చర్యం ఎక్కడుంటుంది? బొమ్మను కదిపితే ఏ మీసం ఊడుతుందోనని భయపడి, ఉన్నచోటునే ఉంచి చెయ్యి మాత్రం లోపలికి పెట్టాను. సుధాకర్ అద్దం తలుపు పట్టుకున్నాడు, పాపం, ఆపరేషన్లో నర్సులాగా. కిటికీలన్నిటి మీదా నల్లగా, దట్టంగా జల్లెడ గీతలు గీసి పారేశాను.

మామగారు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని బీరువా అద్దంలోకి వంగి చూశారు.

“కిటికీలేమయ్యాయండీ?”

“కంపెనీవాళ్ళు తప్పు చేశారండీ మామగారూ. నేను దిద్దాను” అని ఫోను చేతికిచ్చాను.

ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశారు. “ఫొటో బాగా వచ్చిందండీ. ప్లాట్‌ఫారం మీంచి తీశారా?”

“అవునండీ.”

“అవతలి పక్కకు వెళ్ళి చూశారా అండీ?”

“అవతలికెందుకండీ, ఇంజను ఒకటే కదండీ.”

మామగారు బీరువా తెరిచి బొమ్మను రెండు చేతులతో ఎత్తి, అటువైపు ఇటు తిప్పి నా ముందు పెట్టారు. గోడవైపు దాక్కున్న ఆ పక్కనిండా జల్లెడలు. బారుగా. అచ్చం నా ఫొటోలో ఉన్నట్టే.

“దీనికి ఇటు జల్లెడలూ అటు కిటికీలూనండీ అల్లుడుగారూ” అన్నారు మెత్తగా. “ఆ కిటికీల వెంబడే లోపల మేం నడిచే దారి. ఆ వెలుతుర్లోనే నా సర్వీసు గడిచింది. మీరు చీకటి చేసేశారు.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నవాడు నయం. వాడు కుందేలును కనీసం చేత్తో పట్టుకున్నాడు. నేను చూసిన ఇంజనుకు ఒకటే పక్క.

తర్వాత కొబ్బరినూనె రాశాం. స్పిరిట్ రాశాం. మా మరదలు గోళ్ళరంగు తుడిచే మందు తెచ్చింది. దానికి మార్కర్ పోలేదు గానీ, కింద కంపెనీ వేసిన రంగు మాత్రం శుభ్రంగా పోయింది. సుధాకర్ అంతా తన పొరపాటేనండీ అని మామగారితో చెప్పబోయాడు. చూశారా, అప్పుడు కూడా మంచితనంలో వాడిదే పైచేయి. ఆ పూట తలకాయ ఎవరికి పడిందో అడక్కండి.

మామగారు మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. ఇప్పుడు ఆ ఇంటికి పాస్టరుగారు వచ్చినా, పాత రైల్వేవాళ్ళు వచ్చినా, గ్యాసు బండ వేసే అతనొచ్చినా, ఆయన బొమ్మను బయటికి తీస్తారు. జల్లెడల పక్క చూపించి, “ఇది మా చిన్నల్లుడుగారిచ్చిందండీ” అంటారు. అవతలికి తిప్పి, “ఇది మా పెద్దల్లుడుగారిచ్చింది” అంటారు. ఆ బహుమతిలో నాకు వాటా లేదనే కదా నేను కుళ్ళిపోయింది. సరిగ్గా సగం ఇచ్చేశారు.

అందుకని చదువరులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ తోడల్లుడు ఏ మామగారికి ఏమిచ్చినా, దాని చుట్టూ పూర్తిగా ఒకసారి తిరిగి వచ్చాకే కుళ్ళుకుంటాను.