సున్నం డబ్బా మీద మూత

పద్నాలుగేళ్లుగా ఒక మూత బరువు మోస్తున్నాను. పెయింటు డబ్బా మూత. నవ్వకండి. నాకు సంతకం వరకే వచ్చు, నేను చెబుతుంటే వేరొకరు రాస్తున్నారు. మీరెవరో తెలియదు కాబట్టే నోరు పెగులుతోంది.

ఆ ఏడు క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వేయాలి. మా ఆయన పిడుగురాళ్ల బట్టీ నుంచి కాల్చిన సున్నపురాళ్లు తెచ్చాడు. నీళ్లు పడితే అవి కుతకుతా ఉడుకుతాయి. అందుకే ఎప్పుడూ మూతలేని కుండలోనే ఊరబెడతాం. ఆ రోజు కుండ పగిలి ఉంది. పత్తితీతకు ఆటో వచ్చేసింది. పాత పెయింటు డబ్బాలో రాళ్లు వేసి, నీళ్లు పోసి, మూత నొక్కాను. అన్నానికి ఆవిరి పడితే బాగా మగ్గుతుంది కదా, ఇదీ అంతేననుకున్నాను. ఆటో ఎక్కాను.

ఇంట్లో నా తోటికోడలు ఉంది. బాలింత. డబ్బా ఉబ్బి చప్పుడు చేస్తుంటే చూడబోయి మూత కదిపింది. సున్నం మొహాన చిమ్మింది. రెండు కళ్లూ పోయాయి.

"మూత పెట్టిందెవరే?" అని మా ఆయన అడిగాడు.

"నాకేం తెలుసు, ఇంట్లో ఉంది తనే కదా" అన్నాను.

అబద్ధం అంత తేలిగ్గా వస్తుందా? వచ్చింది. నా తోటికోడలు ఆస్పత్రిలో కళ్లకు కట్లతో "నేను పెట్టలేదు" అని మొత్తుకుంది. చేతులారా చేసుకుని ఒప్పుకోదేం అన్నారు అందరూ. కొన్నాళ్లకు అది ఆ మాట అనడం మానేసింది. కళ్లు పోవడం నా పొరపాటు. దాని మాటకు విలువ పోవడం? అది నేను తెలిసి చేసిందే.

తర్వాత దానికి తల దువ్వాను, చేయి పట్టి చర్చికి తీసుకెళ్లాను. ఊరంతా మెచ్చుకుంటుంటే నా మీద నాకే ఒళ్లు మండేది. మా ఆయన పోయాక అడిగేవాళ్లు కూడా లేరు. అప్పుడైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు.

పోయిన వారం దాని కూతురు, పదో తరగతి, వసారాలో మిరపగింజలు పేర్చి నాకు పాఠం చెప్పింది.

"ఇది కాల్షియం పెద్దమ్మా. రెండు గింజలు, అంటే ఎలక్ట్రాన్లు, ఇచ్చేసిద్ది. ఆక్సిజన్ తీసుకుంటది. ఇచ్చినదానికి ప్లస్సు, తీసుకున్నదానికి మైనస్సు. అందుకే అతుక్కుంటాయి. అదే మన కాల్చిన సున్నం."

"మరి నీళ్లో?"

"నీళ్లలో ఇచ్చుకోడాలుండవు, హైడ్రోజనూ ఆక్సిజనూ గింజలు కలిపి వాడుకుంటాయి. సున్నంలో నీళ్లు పడితే పాత జతలు కొన్ని విడిపోయి, కొత్తవి గట్టిగా పడతాయి. అప్పుడు వేడి బయటికొచ్చిద్ది. మూత పెడితే ఆవిరికి దారేది? పాపం అమ్మకి ఈ పాఠం ఎవరూ చెప్పలా. చెప్తే మూత పెట్టేదా?"

గింజల సంగతి నాకు సగమే ఎక్కింది. ఆఖరి మాట మాత్రం మొత్తం ఎక్కింది. కన్నకూతురు కూడా అదే నమ్ముతోంది. ఆ గింజలన్నీ కాలితో తన్నేయాలనిపించింది. ఎవరి మీద ఆ కోపం?

"మూత పెట్టింది మీ అమ్మ కాదు. నేను" అన్నాను.

పిల్ల తలెత్తలేదు. లోపల మంచం కిర్రుమంది. నా తోటికోడలు గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

"ఏందక్కా అన్నావ్? మళ్లీ అను. గట్టిగా అను, పక్కింటికి వినపడాలి."

అన్నాను.

"ఇంకోసారి."

మళ్లీ అన్నాను. పక్కింటామె గోడ మీంచి చూస్తోంది. క్షమిస్తానని అది అనలేదు. నేనూ అడగలేదు.

మీకు చెప్పడం నాలుగోసారి. చెప్పిన ప్రతిసారీ కాస్త ఊపిరి ఆడుతోంది.