రాడ్డు పట్టని కండక్టరు

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే పల్లెవెలుగు బస్సులో మంగ పదిహేడేళ్లుగా కండక్టరు. వయసు నలభై ఆరు. పొట్టి మనిషే గాని గొంతు వెనక సీటు దాకా వినబడుతుంది. ఒక చేతిలో టికెట్ మిషన్, ఇంకో చేతిలో చిల్లర. రాడ్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అయినా ఏ మలుపులోనూ ఆమె తూలగా ఎవరూ చూడలేదు.

ఆ సంగతి పట్టించుకున్నవాడు వంశీధర్. ఫిజియోథెరపీలో పీజీ చేస్తూ, శిక్షణ కోసం కోదాడ నుంచి మిర్యాలగూడకు రోజూ అదే బస్సులో వెళ్లేవాడు. మనిషి ఎలా నిలబడతాడు, ఎలా కదులుతాడు అన్నదే అతని చదువు. ఒకరోజు గరిడేపల్లి దగ్గర బర్రె అడ్డొచ్చి డ్రైవరు సంపత్ గట్టిగా బ్రేకు కొట్టాడు. నిలబడ్డవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. వంశీధర్ ఒక పెద్దాయన ఒళ్లో తేలాడు. మంగ మాత్రం ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ చించి ఎవరికో ఇస్తోంది.

"అక్కా, మీరెట్లా పడలేదు?"

"నేను పడితే టికెట్లెవరు కొడుతరు తమ్మీ?"

అతను డిపోలో అనుమతి తెచ్చుకున్నాడు. కదలికలు నమోదు చేసే ఫోన్ ఒకటి ఆమె నడుముకు కట్టి, ఇంకొకటి బస్సు ఫ్లోరుకు అతికిస్తానన్నాడు.

"గీడ ఫోన్ కడితే, మా ఆయన ఫోన్ చేసినప్పుడు నడుమే హలో అంటదా?" అంది మంగ. బస్సంతా నవ్వింది.

ఆమె కాళ్లలో మహా బలం ఉందని వంశీధర్ అంచనా. క్లినిక్‌లో ఒంటికాలి మీద నిలబెడితే, ఆమె అతనికన్నా ముందే కాలు దించేసింది. కానీ బస్సులో ఫోన్లు నమోదు చేసిన గ్రాఫు గీతలు చూసి అతను ఆగిపోయాడు. బస్సు వేగం తగ్గడానికి పావు సెకను ముందే ఆమె నడుము సర్దుకుంటోంది, అదీ ప్రతిసారీ. ఫోన్లలో టైము తేడా ఉందేమోనని రెండింటినీ బల్ల మీద పెట్టి బల్లను గుద్ది చూశాడు. తేడా ఏమీ లేదు.

"బ్రేకు పడుతుందని మీకు ముందే ఎట్లా తెలుస్తుందక్కా?"

"నాకేమెరుక. నా పని నేను చేసుకుంట."

కళ్లు మూసుకోమన్నాడు. రెండు స్టేజీలు నిక్షేపంగా నిలబడింది. తర్వాత చెవుల్లో దూది పెట్టాడు. మొదటి స్పీడ్ బ్రేకరుకే మంగ వెళ్లి కూరగాయలమ్మే మైసమ్మ టమాటాల గంపలో పడింది.

"ఇన్నేండ్ల సంది సూస్తున్న. నువ్వు పడుడు ఇదే మొదలు," అంది మైసమ్మ, చితికిన టమాటాలు ఏరుకుంటూ.

అట్లా తెలిసింది. సంపత్ యాక్సిలరేటరు మీద నుంచి కాలు తియ్యగానే ఇంజను చప్పుడు మారుతుంది. ఆ మార్పును ఆమె చెవి పట్టుకుంటుంది, మోకాళ్లు వంగుతాయి. ఇదంతా ఆమెకు తెలియకుండానే జరుగుతుంది. వంశీధర్ ఇంకో పదకొండు మంది కండక్టర్లను పరీక్షించి థీసిస్ రాశాడు, పాసయ్యాడు, సూర్యాపేటలో ఒక దవాఖానలో చేరాడు.

ఏడాది తర్వాత మంగను ఎలక్ట్రిక్ బస్సుకు మార్చారు. ఆ వారమే అతనికి ఫోన్ చేసింది.

"తమ్మీ, ఈ బస్సుకు సప్పుడే లేదు. రాడ్డు పట్టుకుంటున్న. సిగ్గయితంది."

"ఒక నెల ఆగండక్కా. శరీరం ఇంకో దారి వెతుక్కుంటుంది," అన్నాడు గాని, ఏ దారో అతనికీ తెలియదు.

ఐదు వారాలకు మంగ మళ్లీ ఫోన్ చేసి, రాడ్డు వదిలేశానంది. ఆదివారం అతను ఫోన్లు, బెల్టు తీసుకుని ఆమె బస్సెక్కాడు. రెండు ట్రిప్పులు నమోదు చేశాడు. ఆమె నడుము మళ్లీ బస్సుకన్నా ముందే కదులుతోంది, కాకపోతే మునుపటంత ముందు కాదు. అతను సంచిలోంచి దూది తీశాడు.

"దూది వద్దు. ఎట్ల తెలుస్తదో నేనే సూసుకున్న," అంది మంగ. "బస్సు ఆగేముందు అరికాళ్ల కింద జరంత గుంజినట్టయితది. రాస్కో."

వంశీధర్ సీటు అంచున కూర్చుని, ఆమె చెప్పినది చెప్పినట్టే రాసుకున్నాడు.