తల ఊపిన రేకుమూత

మొన్న పలాసలో పెరట్లో పాత సామాను సర్దుతుంటే తుప్పుపట్టిన గుండ్రటి రేకుమూత ఒకటి చేతికి తగిలింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే జీడిపిక్కలు వేపిన ఆ పొగవాసన ఇంకా పోలేదు, అప్పట్లో నాకు పట్టిన తికమకా పోలేదు.

తొంభైల చివర్లో మా ఉద్దానంలో జీడిపప్పు రేకుడబ్బాల్లో వెళ్లేది. పిక్కలు కొట్టడానికి వెళ్లే మా అమ్మ పాడైన మూతలు కొంగున కట్టుకొచ్చేది. నోట్లో పనసతొన, వేళ్లకి జీడిపాలు కాల్చిన మచ్చలు, చెవుల్లో కొబ్బరాకుల గలగల, అలా సముద్రపొడ్డున ఇసకలో ఆ మూతలు విసురుకునేవాళ్లం. ఏ మూత ఎవరిదో తెలియాలని చెట్టుకి కారిన జీడిబంక అంటించేవాళ్లం. మా అత్త కొడుకు దావీదు బావ నడిమధ్యన చిన్న చుక్క పెట్టేవాడు. నాకు గొప్ప ఎక్కువ కదా, అంచున రేగిపండంత ముద్ద పెట్టేవాణ్ణి. బావ మూత నిమ్మళంగా సాగిపోయేది. నాది నాలుగు బారలు వెళ్లేసరికి కల్లుపాక నుంచొచ్చే మా మావలా తల ఊపేది.

ఎందుకూ అని నాయనమ్మనడిగితే ఎదురుగాలంది. మావ నా చెయ్యే వంకరన్నాడు. సైన్సు మాస్టారేమో, ముందు ఎక్కాలు చెప్పమన్నారు. అవి రాకే ఏడో తరగతిలో బడి మానేశాను, జవాబు అక్కడే ఉండిపోయింది.

ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో ముసలి గొల్లవాడి వేషం నాది. చర్చి మొత్తాన్నీ నవ్వించేది ఆ ఒక్క వేషమే. నెల్లాళ్లపాటు మేకలక్కూడా ఆ మాటలు అప్పజెప్పాను. బావ కన్ను దానిమీద పడింది.

"దమ్ముంటే ఇసురు. ఎవుడి మూత ముందు తలూపితే ఆడు యేసం వొదిలీయాల."

తేడా ఉండకూడదని బంకంతా గీకేసి, ఇద్దరం ఒక్కసారే విసిరాం. నాది ఊగింది. వేషానికని దాచుకున్న గొంగళీ కర్రా తెచ్చి బావ చేతిలో పెట్టేశాను. పండగనాడు జనం పడీపడీ నవ్వుతుంటే, వెనక బెంచీలో కూర్చున్న నాకు ఒకటే ఆలోచన: బంక లేదు, గాలీ లేదు, మరెందుకూగింది?

మొన్న ఆ మూత పట్టుకెళ్లి, అదే సముద్రపొడ్డున బావకి చూపించాను. నేను విసిరితే ఊగింది. బావ విసిరినా ఊగింది.

"ఒగ్గీసినప్పుడు మణికట్టు పిసరంత వాలినా సాలురా," అన్నాడు. "అది ఒకేపు తిరగాలని సూత్తాది, మన సెయ్యి ఇంకోపు తోత్తాది. బంకదేటుంది?"

"మరి ఆ రోజు నీది ఊగలేదేటి బావా?"

"ఊగింది. నీకంటే ముందే ఊగింది. నువ్వు నీదానికేసే సూత్తన్నావు."

"మరి సెప్పలేదేటి?"

"నువ్వే గొంగళి తెచ్చి సేతిలో ఎట్టీసినావు కదేటి!"

జీడిపప్పు ఇప్పుడు ప్లాస్టిక్ సంచుల్లో వెళ్తోంది. కొబ్బరిచెట్లు సగం తుఫాన్లకి పోయాయి. ఆ వేషం గొంగళిని పురుగులు తినేశాయి. గొల్లవాడి మాటలు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. వాటిని ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలీక, ఇసకలో పడున్న మూతకేసి చూస్తూ నిలబడిపోయాను.